చున్నీల బొంత

మా అమ్మాయిని బాచుపల్లిలో ఇంటర్ హాస్టల్లో చేర్పించే ముందురోజు, పెట్టె సర్దుతూ అది నన్ను ఒక్కటే అడిగింది. బొంత. అక్కడ గదుల్లో ఏసీ రాత్రంతా ఆపరట, వాళ్లిచ్చే దుప్పటి గరుగ్గా ఉంటుందట, సీనియర్లు చెప్పారట. నీ పాత చీరలతో ఒక బొంత కుట్టి తెస్తావా అమ్మా అంది. ఓస్, అదెంత పని, పదిహేను రోజుల్లో తెస్తాను అన్నాను. అప్పటికి నాకు సూదిలో దారం ఎక్కించి ఊడిన గుండీ కుట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదు. మాట మాత్రం ఠపీమని ఇచ్చేశాను.

మేముండేది మియాపూర్లో. హాస్టల్ మా ఇంటికి బండి మీద ఇరవై నిమిషాలు. ఇంత దగ్గర పెట్టుకుని పిల్లని హాస్టల్లో వేయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. మా చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్లందరూ అదే చేస్తారు, మేమూ అదే చేశాం. అక్కడ పిల్లలకి ఫోన్ ఉండదు. నెలకొకసారి, రెండో ఆదివారం, వెళ్లి చూసి రావచ్చు. ఇంట్లో ఉంటే ఫోన్ పట్టుకుని కూర్చుంటుందన్న ఒక్క కారణంతో నేను ఆ కాగితాల మీద సంతకం పెట్టాను. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

బొంత పని ఆ వారమే మొదలుపెట్టాను. మొదలుపెట్టానంటే, ఫోన్లో. బొంత ఎలా కుట్టాలి అని ఒక్కసారి వెతికానో లేదో, ఎక్కడెక్కడి బొంతలో వచ్చి నా తెర మీద వాలాయి. నక్షత్రాల బొంతలు, తేనెపట్టు గళ్ల బొంతలు, దూరం నుంచి చూస్తే పక్షుల్లా కనిపించే ముక్కల బొంతలు. బొంతలు కుట్టేవాళ్ల గుంపు ఒకటుంటే అందులో చేరాను, అక్కడి నుంచి ఇంకో రెండు గుంపుల్లోకి పాకాను. హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్లో కుడిచేత్తో పప్పన్నం కలుపుతూ ఎడమచేత్తో తెర జరిపేదాన్ని. కొండాపూర్ సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే బండి మీదే నాలుగు బొంతలు చూసేదాన్ని. వెనకవాళ్లు హారన్ కొడితే, ఏం తొందరయ్యా మీకు అని వాళ్ల మీదే విసుక్కునేదాన్ని.

ఇంకా సిగ్గులేని పని ఒకటి చేశాను. ఎవరో ఒకావిడ ఆర్నెల్లు కూర్చుని కుట్టిన బొంత ఫోటో పెడితే, దాని కింద "చాలా బాగుందండీ, కుడివైపు మూల మాత్రం కొంచెం లాగినట్టుంది" అని రాశాను. సూది ముట్టుకోని మనిషిని. ఆవిడ పాపం, నిజమేనండీ, థాంక్సండీ అంది. ఆ రోజంతా నాకు ఏదో పని చేసినట్టే ఉంది.

దానికి కారణం నా ఉద్యోగం కూడా అనుకుంటాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పదిహేడేళ్లుగా వేరేవాళ్లు కట్టిన దాంట్లో తప్పులు పట్టడమే నా పని. తప్పు పట్టడం ఎంత అలవాటైపోయిందంటే, నా చేత్తో ఒక తప్పు చేయాలంటే ముందే వెనక్కి తగ్గుతాను. చూస్తున్నంతసేపూ బొంత తలలో వంక లేకుండా ఉంటుంది. సూది దించామా, ఇక వంకరే. అందుకే దించలేదు. అది బద్ధకం కాదు, ఒట్టి పిరికితనం. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను గానీ అప్పుడు దానికి నేను పెట్టుకున్న పేరు పరిశోధన.

పరిశోధన ఫలితంగా ఇంటికి డబ్బాలు రావడం మొదలైంది. గుండ్రటి బ్లేడున్న కత్తి, దాని కింద పరుచుకునే పచ్చ పలక, గీతల గీతల స్కేలు, రంగు రంగు కలిసేలా ముక్కలు కట్టి పంపిన కొత్త బట్ట. మా ఆయన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. ఆ సరంజామా అంతా బల్ల మీద చూసి, "మేం ఇనుము కోస్తాం. మా దగ్గర కూడా ఇన్ని లేవు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మంచి పనిముట్టు లేకుండా మంచి పని ఎలా వస్తుందని ఆయనకే పాఠం చెప్పాను, అదీ మిషన్ల మధ్య ముప్పయ్యేళ్లు గడిపిన మనిషికి.

కొత్త బట్ట పెట్టుకోవడానికి అల్మారాలో చోటు కావాలి. పై అరలో నా పాత కాటన్ చీరల మూట ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నవి, చిరుగులు పడ్డవి, రంగు వెలిసినవి. సరిగ్గా ఆ శనివారమే కింద పాత బట్టలకు స్టీలు సామాన్లు అన్న కేక వినిపించింది. ఆ కేక వింటే నా ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వస్తుంది. మూట పట్టుకుని దిగిపోయాను. ఆ కేక వేసినావిడ చిన్న గిన్నె చూపిస్తే మూతి విరిచాను. ఒక్కో చీర విప్పి వెలుతురులో పట్టి చూపించాను, ఎక్కడ చిరిగిందమ్మా చూడు అని. అరగంట బేరమాడి మూతున్న పెద్ద స్టీలు డబ్బా సంపాదించాను, పైన ఒక గరిటె. మెట్లెక్కుతూ నా తెలివికి నేనే మురిసిపోయాను. బొంతకి చోటు చేయడానికి బొంతనే అమ్మేశానని నాకు తట్టనేలేదు. నా తలలో అప్పటికి బొంతంటే చీరలు కాదు, తెర మీది నక్షత్రాలు.

జులై రెండో ఆదివారం మొదటిసారి చూడటానికి వెళ్లాను. గేటు దాటగానే పిల్ల నా చేతుల వైపు చూసింది. పులిహోర డబ్బా ఉంది, బొంత లేదు. అయిపోవచ్చిందా అని అడిగింది. డిజైన్ చూస్తున్నానే, మామూలుగా ఉండకూడదు నీది అన్నాను. ఫోన్ తీసి చూపించాను. బాగున్నాయమ్మా అంది. గదిలో నలుగురికీ చెప్పిందట, మా అమ్మ బొంత కుడుతోందని. ఆ సంగతి విని నేను పొంగిపోయాను కూడా.

ఆగస్టులో మళ్లీ అడిగింది. ఈసారి ఇంకా ఎక్కువ ఫోటోలు చూపించాను. నేను దాచుకున్నవి అప్పటికి ఆరువందలు దాటాయి. కాసేపు చూసి, "ఏదైనా పర్లేదమ్మా. నీ నీలం గళ్ల చీర మాత్రం తప్పకుండా వెయ్యి" అంది. అది రెండో తరగతిలో ఉండగా జ్వరమొస్తే నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని దవాఖానలో కూర్చున్నది ఆ చీరలోనేనట. నాకు గుర్తు కూడా లేదు. ఆ చీర వెలుతురులో పట్టి ఎంత గట్టిగా ఉందో చూపించి బేరమాడిన సంగతి మాత్రం గుర్తొచ్చింది. సరే వేస్తాలే అన్నాను. కన్నకూతురి మొహం చూస్తూ, రెప్ప వేయకుండా చెప్పాను.

ఇంటికొచ్చాక అయినా సూది పట్టానా? లేదు. తప్పు చేసినవాళ్లు ఏం చేస్తారో అదే చేశాను, ఇంకాసేపు ఫోన్ చూశాను. నీలం గళ్ల బట్ట అలాంటిదే ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరికింది కూడా. గళ్లు అచ్చం అవే. తెప్పించి చూస్తే గంజి పెట్టిన అట్టముక్కలా ఉంది.

సెప్టెంబరులో పిల్ల అడగలేదు. అరటిచెట్ల పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని పరీక్షల సంగతి చెప్పింది, మెస్‌లో సాంబారు సంగతి చెప్పింది. గంట గడిచినా బొంత మాట లేదు. నేనే ఉండబట్టలేక, ఏమే, బొంత సంగతి అడగవేంటి అన్నాను.

"అడగనులే అమ్మా" అంది. "అడిగితే నువ్వు ఫోన్ తీస్తావు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని, సరిపోయేది. మామూలుగా, వాన పడేలా ఉంది అన్నట్టు అంది. నా చెయ్యి అప్పటికే బ్యాగులో ఫోన్ మీద ఉంది. మెల్లిగా బయటికి తీశాను, ఖాళీగా.

తర్వాత అసలు సంగతి చెప్పింది. గదిలో పిల్లలు రోజూ ఏడిపిస్తున్నారట, మీ అమ్మ బొంత ఏదీ, ఇంకా దారం వడుకుతోందా అని. పోయిన వారం ఇది తట్టుకోలేక, ఇక కుట్టక్కర్లేదు, ఇంట్లో నా చిన్నప్పటి బొంతే దొరికింది, పాతవాసన వేస్తోందని అమ్మ లాండ్రీలో వేసింది, వచ్చే నెల రెండో ఆదివారం తనే తీసుకొస్తుంది అని చెప్పేసిందట.

ఎందుకే అలా చెప్పావు అన్నాను.

"మరేం చెప్పమంటావు? మా అమ్మ మాటిచ్చి మర్చిపోయిందని చెప్పనా?"

నాకు తల తీసేసినట్టయింది. పదహారేళ్ల పిల్ల నా పరువు కాపాడటానికి నలుగురి ముందు అబద్ధమాడింది, నేనేమో దానితో అబద్ధమాడాను. ఇంకేం దాచుకోవాలనిపించలేదు. నీలం గళ్ల చీర లేదే, స్టీలు డబ్బాకి వేసేశాను అని చెప్పేశాను. గరిటె సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. పిల్ల చెప్పుల వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, రాలనివ్వలేదు. తర్వాత అడిగింది, "నీ బండి చున్నీలున్నాయా? అవీ ఇచ్చేశావా?"

మన ఊళ్లో బండి నడిపే ఆడవాళ్లందరికీ తెలుసు ఆ చున్నీల సంగతి. డ్రస్సు మీదకి వేసుకునేవి కాదు, దుమ్ముకీ ఎండకీ కళ్లు తప్ప మొహమంతా చుట్టుకునేవి. డ్రస్సులు పోయినా అవి పోవు. నా దగ్గర అయిదున్నాయి. మా అమ్మాయి ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా నా వెనక సీటు మీద కూర్చుని, వేలాడే చున్నీ కొసలో మొహం దూర్చుకుని బడికి వెళ్లింది. వాటితో కుట్టవే అమ్మా అంది. కుడతాను అన్నాను. ఈసారి ఎన్ని రోజుల్లో అని చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్పక్కర్లేదు కూడా, గడువు అదే పెట్టేసింది. వచ్చే రెండో ఆదివారానికి లాండ్రీ నుంచి బొంత రావాలి.

మర్నాడు పొద్దున ఆ గుండ్రటి కత్తి తీసి, స్కేలు పెట్టి, మొదటి చున్నీని చదరాలుగా కోయబోయాను. మా ఇంట్లో పనిచేసే ఆమె గిన్నెలు తోముతున్నదల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. వికారాబాద్ అవతల పల్లె ఆమెది, నాకంటే పదేళ్లు పెద్దది. ఏం చేస్తున్నావని అడిగింది. చెప్పాను. చీరల కథ కూడా చెప్పాను. ముక్కున వేలేసుకుంది.

"మంచి మెత్తటి చీరలు డబ్బాకిచ్చి, కొత్త బట్ట కొనుక్కొచ్చినవా? కొత్త బట్ట ఒంటికి అతుకుతదా అమ్మా? ఇగ గిది గూడ కోస్తే ఏం మిగులుతది? పెట్టు కత్తి అవతల."

పెట్టాను. ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని మెసేజ్ పెట్టాను. హాల్లో సోఫా జరిపి నేల తుడిచాం. అడుగున పాత కాటన్ దుప్పటి పరిచింది. మధ్యలో మా ఆయన పాత లుంగీలు మూడు, నా నైటీలు రెండు కుట్లు విప్పి పరిచింది. పైన చున్నీలు, కోయకుండా, అంచుకి అంచు ఆనించి. నీళ్లు చిలకరించి అరచేత్తో మడతలన్నీ సాపు చేసింది. నాలుగు మూలలా బరువులు పెట్టాలంటే వంటింట్లోకి వెళ్లి ఆ స్టీలు డబ్బా కూడా పట్టుకొచ్చింది, కందిపప్పుతో సహా. దాని వైపు చూడటానికే నాకు మొహం చెల్లలేదు.

నేను ఫోన్లో చూసిందంతా నడిమి నుంచి అంచుకి. ఆమె అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రమ్మంది. ఇంకో సంగతి చూపించింది. కుట్టేది కుడిచెయ్యే అయినా, పని అంతా బట్ట కింద ఉన్న ఎడమచేతిదట. సూది మొన దిగగానే ఎడమవేలికి తగలాలి, తగలగానే పైకి తిప్పి పంపాలి. "కింద చెయ్యి లేకుంటే సూది యాడికి పోతున్నదో నీకెట్ల తెలుస్తది?" అంది. ఇన్ని నెలల్లో నేను చూసిన వీడియోలు ఎన్నో లెక్కలేదు. ఒక్కదాంట్లోనూ ఆ కింది చెయ్యి కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది, కెమెరా పైన కదా ఉండేది. అక్కడే నేను గంటల తరబడి కూర్చున్నాను, పైన.

మొదటి వరస తాగినవాడి నడకలా వచ్చింది. రెండోది కాస్త నయం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రెండో వరస ముగించాక ఫోటో ఒకటి తీద్దామని ఫోన్ తీశాను. తీసిన ఫోటో గుంపులో పెట్టాను. ఎవరేమన్నారో చూద్దామని కూర్చున్నాను. లేచేసరికి చీకటిపడింది, కుక్కర్ పెట్టలేదు, మూడో వరస మొదలవలేదు. నా మీద నాకే అసహ్యమేసింది. కందిపప్పు వేరే సీసాలో పోసి, ఆ స్టీలు డబ్బాలో ఫోన్ పెట్టి మూత బిగించాను. అప్పటి నుంచి కుట్టడానికి కూర్చున్నప్పుడల్లా అదే దాని చోటు. మోగితే డబ్బా అంతా గణగణలాడేది. మా ఆయన చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

ఫోన్ పూర్తిగా మానేశానని చెబితే అబద్ధం. దారం మెలికలు పడి తెగిపోతుంటే గుంపులోనే అడిగాను. ఎవరో ఒకావిడ, దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగండి అంది. లాగాను, తెగడం ఆగింది. ఆవిడకి మనసారా దణ్ణం పెట్టుకున్నాను. కుడుతూ అడిగినప్పుడు రెండు నిమిషాల్లో జవాబు దొరికింది, ఫోన్ మళ్లీ డబ్బాలోకి పోయింది. కుట్టకుండా చూసినప్పుడే దానికి అడుగు కనిపించలేదు. ఫోన్లో గంట ఎటు పోయిందో చెప్పలేను. బొంత మీద గంట ఎటు పోయిందో చూపించగలను, బెత్తెడు వెడల్పున.

పొద్దున ఆఫీసుకి ముందు ముప్పావుగంట, సాయంత్రం వచ్చాక గంట. శని ఆదివారాలు నడుం పట్టేసేదాకా. ఎడమచేతి చూపుడువేలు సూది పోట్లతో గరుకెక్కింది. ఆఫీసులో కీబోర్డు మీద అక్షరం నొక్కినప్పుడల్లా చురుక్కుమనేది. వారం వారం మధ్యలో ఖాళీ తగ్గుతూ వచ్చింది గానీ రోజులు దానికంటే తొందరగా తగ్గాయి. అక్టోబరు రెండో ఆదివారం పొద్దున చూసుకుంటే నట్టనడుమ జానెడు చదరం మిగిలే ఉంది. కూర్చుంటే చూసే వేళ దాటిపోతుంది. సూది దానికే గుచ్చి, బొంత మడిచి బండి ముందు పెట్టుకుని వెళ్లిపోయాను.

పిల్ల గేటు దగ్గరే ఉంది. మడత విప్పి చూసింది. మధ్యలో సూది చూసింది. "అయ్యో అమ్మా, వాళ్లు చూస్తే?" అంది. గదిలో పిల్లలందరూ ఆ ఆవరణలోనే ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నలతో. లాండ్రీ నుంచి వచ్చిన బొంతకి సూది ఎక్కడిది? ఇద్దరం బండ్లు నిలిపే రేకుల షెడ్డు వెనక్కి వెళ్లి, గోడ పక్కన కింద కూర్చున్నాం. అటు కొసన అది, ఇటు కొసన నేను. నా దగ్గర ఇంకో సూది ఉంది. కింద చెయ్యి పెట్టమని చెప్పాను. పెట్టింది, వెంటనే గుచ్చుకుంది, వేలు నోట్లో పెట్టుకుని మళ్లీ పెట్టింది. తల ఎత్తకుండా కుట్టాం. ఆ గంటలో అది చెప్పినన్ని కబుర్లు అంతకుముందు మూడు ఆదివారాల్లో చెప్పలేదు. రాత్రుళ్లు నిద్రపట్టదట. మొదటి నెలంతా ఏడ్చిందట. బొంత వస్తే తగ్గుతుందని తనకి తనే చెప్పుకునేదట. నేను విన్నాను. నాకు ఏడుపొచ్చింది, చేతులు ఖాళీ లేక మొహం భుజానికి తుడుచుకున్నాను.

రెండు దారాలూ నడుమ కలిశాయి. అది పళ్లతో దారం తెంపింది. నేను సూదులు రెండూ నా డ్రస్సు చున్నీ కొసకి గుచ్చుకుని లేచి దుమ్ము దులిపానో లేదో, షెడ్డు మలుపు దగ్గర పిలుపు వినిపించింది. దాని గదిలో ఉండే పిల్లే, సిద్దిపేట అమ్మాయి, చేతిలో జామకాయలు.

"ఆంటీ, వచ్చిందా లాండ్రీ నుంచి?" అంటూ బొంత కొస పట్టుకుని విప్పింది. ఒకవైపు ఎండకి వెలిసి, ఇంకోవైపు ఉతుకులకి పలచబడిన నా అయిదు చున్నీలు దాని చేతుల్లో పరుచుకున్నాయి. అరచేత్తో రాసి చూసింది. "ఎంత మెత్తగున్నదే. రంగంత పోయింది గదా, ఎన్నేండ్ల బొంత ఆంటీ ఇది?"

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ కొత్త బట్టతో, ఆ నక్షత్రాలతో కుట్టి ఉంటే ఆ క్షణంలో నా కూతురు అబద్ధాలకోరుగా నిలబడేది.

"పదేళ్ల పైనే అమ్మా" అన్నాను. "ఇది ఒకటో తరగతిలో ఉన్నప్పటిది."

ఆ పిల్ల సరేనని బొంత మా చేతుల్లో పెట్టి జామకాయ కొరికింది. మా అమ్మాయి బొంత మడత కింద తడుముకుంటూ నా ఎడమచెయ్యి పట్టుకుంది. పోట్లు పడిన వేలే దొరికింది దానికి. గట్టిగా నొక్కింది. ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది, చెయ్యి మాత్రం తీసుకోలేదు.